నాన్నగారి ఆపరేషన్ అయింది: ఒకసారి 77 అన్నారు, తర్వాత 73, మా తమ్ముడు 68 అంటున్నాడు. ఏది పట్టుకోవాలి?

కొబ్బరాకు | సోమవారం, రాత్రి 9:42

అందరికీ నమస్కారం. ఇక్కడ చాన్నాళ్ళుగా చదువుతున్నాను గానీ రాయడం ఇదే మొదటిసారి.

మాది రాజోలు దగ్గర పల్లెటూరు. నాన్నగారికి 64 ఏళ్ళు. కొబ్బరి తోట, రెండెకరాల వరి. ముప్పై ఏళ్ళ పైనుంచీ లంక పొగాకు చుట్ట అలవాటు. పోయిన వానాకాలం కాలవ గట్టు మీద స్కూటర్ జారి పడితే పక్కటెముకల కోసం ఎక్స్‌రే తీయించాం. ఎముకలు బానే ఉన్నాయి, కుడి ఊపిరితిత్తి పైభాగంలో మచ్చ కనపడింది. దగ్గర్లో చూపించిన చోట టీబీ అన్నారు. కఫంలో ఏమీ రాకపోయినా మందులు మొదలెట్టారు. నాలుగు నెలలు వాడాం. మచ్చ తగ్గలేదు సరికదా కాస్త పెరిగింది. అప్పుడు విశాఖ పరిగెత్తాం. సీటీ, పెట్ స్కాన్, సూదితో ముక్క తీయడం అన్నీ అయ్యాక క్యాన్సరని చెప్పారు. తొలి దశలో దొరికింది, అదృష్టవంతులు అన్నారు. ఆ రోజు ఆ మాట ఎవరికీ చెవికెక్కలేదు.

ఆపరేషన్ అయి ఐదు వారాలు. కుడివైపు పై లోబ్ (ఊపిరితిత్తిలో ఒక పెద్ద భాగం) తీసేశారు. ఆపరేషన్‌కి ముందు సర్జన్ గారు 1ఏ3 దశ అన్నారు, ఇలాంటివాళ్ళు వందమందిలో 77 మంది ఐదేళ్ళ తర్వాత కూడా ఉంటారన్నారు. తర్వాత బయాప్సీ రిపోర్టు వచ్చింది. ఇప్పుడు 1బి అంటున్నారు, 73 అంటున్నారు. మా తమ్ముడు హైదరాబాదులో సాఫ్ట్‌వేర్. వాడు నెట్‌లో ఏదో పట్టిక చూసి 1బి అంటే 68 అని నాకు అర్ధరాత్రి మెసేజ్ పెట్టాడు. గడ్డ మొత్తం వచ్చేసింది, ఆపరేషన్ బాగా జరిగింది అని ఒకపక్క చెబుతూ నంబరు తగ్గడమేంటండీ? టెన్షన్‌తో నిద్ర పట్టట్లేదు.

అమ్మకి ఈ శాతాలేవీ చెప్పలేదు. నాన్నగారు అడగలేదు. ఆయన ఒకటే అడుగుతున్నారు, తోట ఏడాదికి కౌలుకివ్వాలా, మూడేళ్ళకి రాయించాలా అని.

గట్టుమీద | సోమవారం, రాత్రి 10:05

ధైర్యంగా ఉండండి చెల్లెమ్మా. రిపోర్టులో ఉన్నది ఉన్నట్టు ఇక్కడ టైప్ చేయండి. పేరు, ఆసుపత్రి, నంబర్లు మాత్రం తీసేయండి. గడ్డ సైజు, పైపొర సంగతి, ఎన్ని లింఫ్ గ్రంథులు (నోడ్స్) చూశారు, అంచులు ఎలా ఉన్నాయి, ఈ నాలుగూ లేకుండా ఎవరు ఏం చెప్పినా గాల్లో చెప్పినట్టే. మన స్లైడు పెద్దాయన గారు పొద్దున్నే చూస్తారు.

కొబ్బరాకు | సోమవారం, రాత్రి 10:31

ఇదిగోనండి. అడినోకార్సినోమా. ఎక్కువ భాగం అసినార్, కొంత లెపిడిక్, మైక్రోపాపిల్లరీ 5 శాతం. సైజు 2.2 సెం.మీ. విసెరల్ ప్లూరా ఇన్వేషన్ ఉంది, పీఎల్1. స్టాస్ ఉంది. కోత అంచుల్లో ట్యూమర్ లేదు. మొత్తం 11 లింఫ్ నోడ్స్, ఒక్కదాంట్లోనూ లేదు.

స్టాస్ అంటే ఏంటో నెట్‌లో చూసి ఇంకా భయమేసింది.

స్లైడు_పెద్దాయన | మంగళవారం, ఉదయం 5:50

అమ్మాయీ, కాకినాడలో ముప్పై ఏళ్ళు మైక్రోస్కోపు ముందు కూర్చున్నవాణ్ణి. రిటైరయ్యాక పని లేక పొద్దున్నే ఇక్కడ కూర్చుంటున్నాను. నీ రిపోర్టు చూసి ముందు నాకొచ్చిన మాట: ఎవరో శ్రద్ధగా చూసి రాశారు. 11 గ్రంథులు చూశారు. రెండే గ్రంథులు చూసి రెండింట్లోనూ లేదని రాస్తే ఆ "లేదు"కి బరువు తక్కువ. వెతికిన కొద్దీ లేదన్న మాట గట్టిపడుతుంది. కనీసం ఆరు చూడాలన్నది ఆనవాయితీ.

ఇక నీ అసలు ప్రశ్న. 77 ఎందుకు 73 అయింది? గడ్డ సైజు 2 దాటి 3 లోపు ఉంటే 1ఏ3. స్కాన్‌లో కనపడింది అదే. ఊపిరితిత్తిని కప్పి పల్చటి పొర ఒకటి ఉంటుంది, ప్లూరా. గడ్డ ఆ పొరలోని సాగే దారాల్ని దాటిందా లేదా అన్నది స్కాన్ చెప్పలేదు. ముక్క కోసి, ప్రత్యేకమైన రంగు వేసి చూస్తేనే తెలుస్తుంది. దాటితే సైజు ఎంత చిన్నదైనా ఒక మెట్టు పైకి వెళ్ళి 1బి అవుతుంది. పీఎల్1 అంటే అదే. దాటింది గానీ పైకి పొడుచుకు రాలేదు. కాబట్టి నాన్నగారి ఒంట్లో ఆపరేషన్ తర్వాత ఏదో చెడిపోయి నంబరు తగ్గలేదు. ముందునుంచీ ఉన్నదే ఇప్పుడు కనపడింది.

స్టాస్ అంటే గడ్డ అంచు దాటి పక్క గాలిగదుల్లో కణాలు విడిగా కనపడటం. 2015 నుంచి దానికి పుస్తకాల్లో పేరొచ్చింది. చిన్న ముక్క మాత్రమే కోసి తీసినవాళ్ళలో అది ఎక్కువ బాధపెడుతుంది. మీ నాన్నగారికి లోబ్ మొత్తం తీశారు. ఆ కణాలు పాకిన వీధి కూడా గడ్డతోపాటే వచ్చేసిందనుకో.

అడినోకార్సినోమా అన్నది ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో ఒక రకం. అందులో కణాలు పేర్చుకునే తీరుని బట్టి అసినార్, లెపిడిక్ లాంటి పేర్లు. మైక్రోపాపిల్లరీ, సాలిడ్ అనేవి మొండి రకాలు. అలాంటివి కలిపి 20 శాతం గానీ అంతకు మించి గానీ ఉంటే మూడో గ్రేడు. ఇక్కడ 5. అసినార్ ఎక్కువ కాబట్టి రెండో గ్రేడు, మధ్యరకం.

డీబగ్గర్ | మంగళవారం, ఉదయం 8:15

నేనే ఆ తమ్ముణ్ణి. అక్క ఇక్కడ పోస్టు పెట్టిందని ఇప్పుడే తెలిసింది. సార్, నేను చూసిన పట్టికలో 1బి ఎదురుగా 68 అనే ఉంది. నేనేం కల్పించలేదు.

స్లైడు_పెద్దాయన | మంగళవారం, ఉదయం 8:40

కల్పించలేదు బాబూ. అక్కడ రెండు పట్టికలుంటాయి. ఒకటి ఆపరేషన్‌కి ముందు స్కాన్లతో వేసిన దశది, ఇంకోటి కోసి చూశాక వేసిన దశది. క్యాన్సర్ దశలు నిర్ణయించే పద్ధతి ఎనిమిదో కూర్పులో మొదటి దాంట్లో 1ఏ3 కి 77, 1బి కి 68. రెండో దాంట్లో 1ఏ3 కి 80, 1బి కి 73. నువ్వు మొదటి పట్టికలో వెతికావు. స్కాన్‌తో 1బి అనుకున్నవాళ్ళలో గ్రంథుల్లోకి పాకినా కనపడనివాళ్ళు కొందరు కలిసి ఉంటారు, అందుకే ఆ వరస కాస్త తక్కువ. మీ సర్జన్ చెప్పిన రెండూ సరైనవే, ఏ రోజుకి చెప్పాల్సింది ఆ రోజు చెప్పాడు. అర్ధరాత్రి మెసేజ్ పెట్టినందుకు మాత్రం అక్కకి ఒక సారీ బాకీ ఉన్నావు.

డీబగ్గర్ | మంగళవారం, ఉదయం 8:44

చెప్పేశాను సార్. మూడుసార్లు.

లెక్కల_మాస్టారు | మంగళవారం, సాయంత్రం 6:20

భీమవరంలో స్టాటిస్టిక్స్ చెప్పే మనిషిని. డాక్టర్ని కాదు. శాతం అనే మాట దగ్గర జనం ఎక్కడ జారిపడతారో మాత్రం బాగా తెలుసు.

ధవళేశ్వరం దగ్గర 10 లక్షల క్యూసెక్కులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 13 లక్షలకి రెండోది, 17 లక్షలకి మూడోది. ఈ అంకెలు మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. మూడో హెచ్చరిక వచ్చిందంటే మీ ఇంట్లోకి నీళ్ళొస్తాయనా? లంకలో ఉన్నవాడికి రెండో హెచ్చరికకే పడవ కావాలి. ఏటిగట్టుకి ఇవతల ఉన్నవాడు మూడో హెచ్చరిక రోజున కాఫీ తాగుతూ టీవీ చూస్తాడు. హెచ్చరిక ఏటికి సంబంధించింది. ఇల్లు ఎక్కడుందో అది చెప్పదు. 73 కూడా అంతే. 1బి అనే ఏటి మొత్తానికి అది మట్టం. పొర, గ్రంథులు, అంచు, వయసు, ఊపిరి బలం, చుట్ట, ఇవి ఇల్లు ఎక్కడుందో చెప్పేవి. నోమోగ్రామ్ అనీ రిస్క్ కాలిక్యులేటర్ అనీ నెట్‌లో కనపడేవన్నీ ఈ ఇంటి చిరునామా రాబట్టే ప్రయత్నాలే.

అవి ఎంత బాగా పనిచేస్తాయని అడగండి. రెండు పరీక్షలుంటాయి. ఇద్దరు మనుషుల్నిస్తే ఎవరికి ప్రమాదం ఎక్కువో సరిగ్గా చెప్పగలదా అన్నది ఒకటి. దానికి 0.5 నుంచి 1 దాకా మార్కులు, 0.5 అంటే బొమ్మా బొరుసూ వేసినట్టు. ఊపిరితిత్తుల క్యాన్సర్ మోడళ్ళు చాలావరకు 0.7 చుట్టూ తిరుగుతాయి. గుడ్డి లెక్క అనలేం, జాతకమూ అనలేం. రెండోది: 70 శాతం అని చెప్పిన వందమందిలో నిజంగా డెబ్బై మంది చుట్టూ ఉన్నారా? ఒక దేశం జనం మీద తయారైన లెక్క ఇంకో దేశంలో ఎక్కువగా ఇక్కడే తప్పుతుంది. పెద్దాయన చెప్పిన పట్టికల వెనక 16 దేశాల నుంచి 94,708 మంది ఉన్నారు. ఆసియా వాళ్ళు బాగానే ఉన్నారు గానీ అందులో ఎక్కువ జపానే. పైగా 1999 నుంచి 2010 మధ్య జబ్బు బయటపడ్డవాళ్ళు. అంటే పాత గట్టు మీద కొలిచిన మట్టం.

ఇంకొకటి. 73 మంది ఉంటారంటే మిగతా 27 మందీ క్యాన్సర్‌తోనే పోయారని కాదు. గుండెపోటు, రోడ్డు ప్రమాదం, అన్నీ అందులోనే కలిసి ఉంటాయి.

చివరగా, లెక్క కదలకుండా కూర్చోదు. భద్రాచలం దగ్గర తగ్గుముఖం పట్టిందంటే ఇక్కడ ఇంకో రోజు చూసి సామాను అటక మీంచి దింపుకుంటాం. తిరగబెట్టడాల్లో ఎక్కువ మొదటి రెండు మూడేళ్ళలోనే. ఆ ఏళ్ళు శుభ్రంగా దాటినవాడికి మొదటిరోజు నంబరు వర్తించదు, అంతకంటే మంచి నంబరు వస్తుంది.

వశిష్ట_ఒడ్డు | మంగళవారం, రాత్రి 11:12

మాస్టారూ, మీరు చెప్పింది బాగుంది. మా అన్నయ్యది గట్టుకి ఇవతలి ఇల్లే. 1ఏ1. సెంటీమీటరు కూడా లేదు. వందకి 90 అన్నారు. స్వీట్లు పంచాం. పద్నాలుగు నెలలకి మెదడులో కనపడింది. 1986 లో గట్లు తెగలేదా? నాకు అప్పటినుంచీ శాతం అన్న మాట వింటే ఒళ్ళు మండుతుంది. మీరు లెక్క తప్పలేదంటారు, మిగతా పదిమందిలో ఒకడు అంటారు. మా వదినకి వెళ్ళి అదే చెప్పండి చూద్దాం.

లెక్కల_మాస్టారు | మంగళవారం, రాత్రి 11:40

చెప్పను. చెప్పలేను కూడా. 1986 లో భద్రాచలం దగ్గర 75.6 అడుగులు వచ్చినప్పుడు మా నాన్న చూరెక్కి కూర్చున్నాడు. ఆయన దగ్గరకి వెళ్ళి సగటు వరద గురించి మాట్లాడేవాణ్ణి కాదు కదా. నా పోస్టులో ఉపమానం మరీ సులువుగా వచ్చేసింది, క్షమించండి.

గట్టుమీద | బుధవారం, ఉదయం 7:02

వశిష్ట గారూ, మీరు రాసింది తీసేయొద్దు. తొంభై అని వినగానే స్కాన్‌లు మానేసేవాళ్ళు ఉన్నారు. మా ఊళ్ళోనే ఇద్దరు. ఆరు నెలలకోసారి సీటీ, కనీసం రెండు మూడేళ్ళు, తర్వాత ఏడాదికోసారి. నంబరు ఎంత బాగున్నా ఇది తప్పదు.

చిన్నకోడలు | బుధవారం, మధ్యాహ్నం 2:18

ఇదే థ్రెడ్‌లో అడగొచ్చా? మా అత్తగారికి 58. ముమ్మిడివరం దగ్గర. జన్మలో పొగ తాగలేదు, కానీ గ్యాసు రాకముందు ఇరవై ఏళ్ళు కొబ్బరి మట్టలు, డొక్కలతో కట్టెల పొయ్యి. కుడి కింది లోబ్‌లో 1.8 గడ్డ. ఆపరేషన్ తట్టుకుంటుందా లేదా అని ఊది చూసే పరీక్ష చేశారు, ఉండాల్సిన బలంలో 68 శాతం వచ్చింది. ఒక డాక్టరు సరిపోతుందన్నారు, మత్తు డాక్టరు మెట్లెక్కించి చూడాలంటున్నారు. మీరంతా ఐదేళ్ళ సంగతి మాట్లాడుతున్నారు, మాకు ముందు ఐదు రోజుల సంగతి కావాలి.

ఛాతీ_వైద్యం | బుధవారం, రాత్రి 9:30

రాజమండ్రిలో ప్రాక్టీసు. మీ ప్రశ్నే అసలు మొదటి ప్రశ్న, దాన్ని అందరూ దాటేస్తారు.

లెక్క ఇలా వేస్తాం. రెండు ఊపిరితిత్తుల్లో కలిపి 19 భాగాలు అనుకుంటాం. కుడి పై లోబ్‌లో 3, మధ్యలో 2, కింద 5. ఎడమ పై లోబ్‌లో 5, కింద 4. మీ అత్తగారికి 5 పోతే మిగిలేవి 14. 68 ని 14 తో గుణించి 19 తో భాగిస్తే 50. ఆపరేషన్ తర్వాత మిగిలే బలం అంచనాగా అది. గ్యాస్ ఎంత పీలుస్తుందో చూసే డీఎల్‌సీఓ పరీక్షకి కూడా ఇదే లెక్క వేయాలి. రెండూ 60 దాటితే నిశ్చింతగా వెళ్ళొచ్చు. ఏ ఒక్కటి 30 కీ 60 కీ మధ్య ఉన్నా మెట్లో నడకో చూడాలి. 30 లోపుంటే సైకిల్ మీద కూర్చోబెట్టి చేసే పెద్ద పరీక్ష. కాబట్టి మత్తు డాక్టరు అడిగింది సబబే, ఆయన మీద కోపం తెచ్చుకోకండి. మెట్ల పరీక్షలో 22 మీటర్ల ఎత్తు ఎక్కగలిగితే ప్రమాదం తక్కువ అని లెక్క. సుమారు ఏడంతస్తులు.

కొబ్బరాకు గారి నాన్నగారికి తీసింది 3 భాగాలే. అందుకే ఒకే ఆపరేషన్ పేరు విని పక్కవాళ్ళతో పోల్చుకోకూడదు.

మొదటి వారంలో మేం ఎదురుచూసేవి: ఛాతీలో పెట్టిన గొట్టంలోంచి గాలి కారడం ఆగకపోవడం, న్యుమోనియా, గుండె లయ తప్పడం. పదిమందిలో ఒకరిద్దరికి రెండో మూడో రోజున లయ తప్పుతుంది, ఎక్కువమందికి మందులతో సర్దుకుంటుంది. అది వస్తే ఇంట్లోవాళ్ళు గుండెపోటనుకుని హడలిపోతారు. లోబెక్టమీలో, అంటే లోబ్ తీసే ఆపరేషన్‌లో, ప్రాణాపాయం అనుభవమున్న చోట వందకి ఒకటి రెండు. గడ్డ 2 సెం.మీ. లోపే కాబట్టి, అంచున ఉంటే, లోబ్ మొత్తం కాకుండా అందులో ఒక భాగం, సెగ్మెంట్, వరకు తీయొచ్చా అని అడగండి. జపాన్‌లో 1,106 మందితో చేసిన పరీక్ష 2022 లో వచ్చింది. సెగ్మెంట్ తీసినవాళ్ళు ఐదేళ్ళకి 94.3 శాతం ఉన్నారు, లోబ్ తీసినవాళ్ళు 91.1. అయితే అదే చోట తిరగబెట్టడం సెగ్మెంట్ వాళ్ళలో ఎక్కువ, 10.5 కి 5.4. రెండూ ఒకే కాగితం మీద ఉన్న అంకెలే. ఏది ఏరుకుంటే ఆ కథ చెప్పొచ్చు. మీ సర్జన్‌కి గడ్డ ఎక్కడుందో తెలుసు, నాకు తెలీదు.

దింపు_సూరి | బుధవారం, రాత్రి 9:58

ఏడంతస్తులా డాట్రుగారూ! మా మండలంలో ఎత్తయిన మేడ రెండంతస్తులు. కొబ్బరి చెట్టెక్కితే లెక్కకొస్తుందాండీ? మా తాతల నాటి చెట్టు 22 మీటర్లుంటుంది.

ఛాతీ_వైద్యం | బుధవారం, రాత్రి 10:03

చెట్టెక్కగలిగినవాడిని నేను పరీక్షలేం లేకుండా పంపించేస్తాను. మీ అత్తగారిని ఎక్కించకండి చిన్నకోడలు గారూ. రెండంతస్తుల మెట్లే ఆగకుండా పదే పదే ఎక్కి దిగినా ఇంట్లో ప్రాక్టీసు అవుతుంది. ఆపరేషన్‌కి ముందు మూడు నాలుగు వారాలు రోజూ నడక, మూడు బంతుల ఊపిరి మిషన్ పీల్చడం మొదలుపెట్టించండి. ఇది ఆ 68 ని పెద్దగా పెంచదు, మొదటి వారాన్ని మాత్రం తేలిక చేస్తుంది.

ఆరోగ్య_మిత్ర_99 | గురువారం, ఉదయం 6:11

మా దగ్గర ఏజెన్సీ నుంచి తెచ్చిన పసరు ఉంది. ఏ స్టేజి అయినా 41 రోజుల్లో...

[ఈ పోస్టు మిగతా భాగం తొలగించాం. నంబరు కూడా తీసేశాం. ఒక మాట: ఆపరేషన్‌తో నయమయ్యే దశలో ఉన్నవాళ్ళకి 41 రోజులు చాలా ఖరీదైనవి. - నిర్వాహకులు]

పాలకొల్లు_మావయ్య | గురువారం, ఉదయం 10:25

నాకు 2019 లో ఎడమ కింది లోబ్ తీశారు. 1ఏ2. మా అబ్బాయి శాతాలు చెప్పబోతే వద్దురా అన్నాను. బతికే ఉన్నాను కాబట్టి శాతం సంగతి వదిలేయండి, మిగతాది చెబుతాను.

మొదటి నెలంతా పక్కటెముకల దగ్గర తిమ్మిరి, మంట. చొక్కా తగిలినా చిర్రెత్తేది. రెండు నెలలు కుడివైపే పడుకున్నాను. పులుసు తింటే దగ్గొచ్చేది, ఎందుకో ఇప్పటికీ తెలీదు. మూడో నెలకి బజారు దాకా నడిచాను. ఆరో నెలకి మోటారు బండి. ఇప్పుడు మెట్లెక్కితే ఆయాసం కొంచెం, అది వయసుదో లోబ్‌దో తేల్చినవాడు లేడు. స్కాన్‌కి వెళ్ళే వారం ముందునుంచీ ఇంట్లో ఎవరితోనూ సరిగ్గా మాట్లాడను, మా ఆవిడ దాన్ని స్కాన్ జ్వరం అంటుంది. ఆరేళ్ళయినా ఆ జ్వరం తగ్గలేదు.

అమ్మాయీ, మీ నాన్నగారి కౌలు ప్రశ్న మీరు చావు ప్రశ్న అనుకుంటున్నారు. నాకలా అనిపించలేదు. ఆయన నేను పని చేసుకోగలనా అని అడుగుతున్నాడు. అది డాక్టర్ని అడగండి.

ఛాతీ_వైద్యం | గురువారం, మధ్యాహ్నం 1:40

మావయ్య గారు నా కన్నా బాగా చెప్పారు. ఆపరేషన్ కాగానే ఊపిరి బలం అంచనా కన్నా ఎక్కువే పడిపోతుంది, నొప్పి వల్ల. మూడు నుంచి ఆరు నెలల్లో మిగిలిన భాగం సాగి, చాలావరకు సర్దుకుంటుంది. కాబట్టి ఐదు వారాలప్పుడు ఉన్న ఆయాసం చూసి మూడేళ్ళ కాగితం రాయకండి. ఆరో నెలలో మళ్ళీ ఊది చూసే పరీక్ష చేయించి అప్పుడు నిర్ణయించుకోవచ్చు. అందాకా ఒక ఏడాదికి ఇస్తే నష్టం లేదు.

వార్డు_అక్క | గురువారం, రాత్రి 8:15

పద్దెనిమిదేళ్ళుగా సర్జరీ వార్డులో నర్సుని. నాన్నగారు ఇప్పుడు చుట్ట మానేశారా కొబ్బరాకు గారూ? రిపోర్టు మొత్తం పెట్టారు గానీ అది రాయలేదు.

ఎందుకడుగుతున్నానంటే, తొలి దశలో బయటపడ్డాక పొగ మానేసినవాళ్ళనీ మాననివాళ్ళనీ పోల్చిన అధ్యయనాలన్నీ కలిపి 2010 లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక లెక్క వేశారు. 65 ఏళ్ళ మనిషి కొనసాగిస్తే ఐదేళ్ళకి ఉండే అవకాశం 33 శాతం, మానేస్తే 70. మీరు 77 కీ 73 కీ మధ్య నాలుగు కోసం రాత్రంతా మేలుకున్నారు. ఇక్కడ తేడా ముప్పై ఏడు.

లెక్కల_మాస్టారు | గురువారం, రాత్రి 8:50

అక్కగారి లెక్కకి చిన్న తోక: మానేసేవాళ్ళు మిగతా విషయాల్లోనూ జాగ్రత్తపరులు అయ్యుండొచ్చు, అంచేత తేడా అంతా చుట్టదే అనలేం. సగం కోసేసినా ఈ థ్రెడ్‌లో అంత పెద్ద తేడా ఇంకోటి లేదు.

కొబ్బరాకు | గురువారం, రాత్రి 10:20

ఆసుపత్రిలో మానేశారండి. ఇంటికొచ్చాక ముట్టలేదనే చెబుతున్నారు.

ఇంకో సంగతి. రేపు క్యాన్సర్ డాక్టరు గారి దగ్గరకి మొదటిసారి వెళ్తున్నాం. కీమో అంటారేమోనని భయం. ఏమడగాలి?

ఛాతీ_వైద్యం | గురువారం, రాత్రి 10:55

2.2 సెం.మీ., గ్రంథులు శుభ్రం. ఇలాంటి 1బి లో కీమో వల్ల లాభముందని గట్టిగా తేలలేదు. రెండో, మూడో దశల్లో ఇస్తే ఐదేళ్ళకి వందలో ఐదుగురు దాకా అదనంగా మిగులుతారు. గ్రంథులు శుభ్రంగా ఉన్నవాళ్ళలో గడ్డ 4 సెం.మీ. లేదా అంతకు మించి ఉన్నప్పుడే దాని గురించి గట్టిగా ఆలోచిస్తారు. అడగాల్సింది వేరే ఉంది. రిపోర్టులో ఈజీఎఫ్‌ఆర్ అనే జన్యువు పరీక్ష కనపడలేదు. చేశారా?

ఆ జన్యువులో మార్పు ఉంటే ఆసిమెర్టినిబ్ అనే మాత్ర ఉంది, రోజుకొకటి, మూడేళ్ళు. 1బి నుంచి 3ఏ దాకా ఆపరేషన్ అయిన 682 మందితో చేసిన పరీక్ష ఫలితం 2023 లో వచ్చింది. ఐదేళ్ళకి మాత్ర వాడినవాళ్ళు 88 శాతం, వాడనివాళ్ళు 78. మన దేశంలో అడినోకార్సినోమా వచ్చినవాళ్ళలో సుమారు నాలుగో వంతు నుంచి మూడో వంతు మందికి ఆ మార్పు ఉంటుంది. పొగ తాగనివాళ్ళలో ఎక్కువ, చుట్ట తాగినవాళ్ళలో తక్కువ, అయినా చూడకుండా వదలకూడదు. చిన్నకోడలు గారూ, మీ అత్తగారికైతే మరీ ముఖ్యం. మందు ఖరీదు ఎక్కువ. దొరికే రాయితీలు, బీమా సంగతి ముందే అడిగి పెట్టుకోండి.

నాన్నగారు 1ఏ3 లోనే ఉండిపోయుంటే ఈ మాత్ర ప్రస్తావనే వచ్చేది కాదు. పెద్దాయన ఆ పొర గురించి అంత చెప్పింది ఇందుకే. 73 అన్నది ఇంట్లో కూర్చుని బెంగపడటానికి పనికిరాదు, రేపు ఏ పరీక్ష అడగాలో చెప్పడానికి పనికొస్తుంది.

కొబ్బరాకు | శనివారం, రాత్రి 9:05

వెళ్ళొచ్చాం. కీమో వద్దన్నారు. ఈజీఎఫ్‌ఆర్ చేయలేదట, మేం అడగ్గానే రాసిచ్చారు. ముక్క ఉన్న మైనం బ్లాకు తెచ్చి ఇమ్మన్నారు. మొదట్లో చేసిన ల్యాబ్‌కి మళ్ళీ వెళ్ళాలి. తమ్ముడు సోమవారం సెలవు పెట్టి వస్తున్నాడు.

కౌలు సంగతి డాక్టరు గారిని నాన్నగారే అడిగారు. ఆయన తోటల మనిషి కాదేమో, అర్థం కాక నా వైపు చూశారు. ఆరు నెలల దాకా బరువులు ఎత్తొద్దు, తర్వాత చూద్దాం అన్నారు. నాన్నగారు దారిపొడుగునా లెక్కలేసుకుని, ఏడాదికే ఇస్తానన్నారు.

వార్డు అక్కగారూ, మీరడిగాక నాకు అనుమానం వచ్చి ఇల్లంతా వెతికాను. కొబ్బరికాయల గదిలో, డొక్క గుట్ట వెనక, ప్లాస్టిక్ కవర్లో చుట్టలు. సగం కట్ట. అమ్మకి ముందే తెలుసట. ఇంట్లో పెద్ద గొడవ. ఆయన రెండు రోజులుగా నాతో మాట్లాడట్లేదు. ఆ కవరు మాత్రం కాలవలో పడేశారు, తమ్ముడు వీడియో కాల్‌లో చూశాడు.

వార్డు_అక్క | శనివారం, రాత్రి 9:20

మాట్లాడతారులెండి. ఇంకో కట్ట ఎక్కడైనా ఉంటుంది. చూరులో చూడండి.

వశిష్ట_ఒడ్డు | శనివారం, రాత్రి 9:47

కొబ్బరాకు గారూ, ఆర్నెల్లకి సీటీ తేదీ ఇవాళే క్యాలెండర్ మీద రాసి పెట్టుకోండి.

స్లైడు_పెద్దాయన | ఆదివారం, ఉదయం 5:45

బ్లాకు తెచ్చుకునేటప్పుడు దాని మీద నంబరూ రిపోర్టు మీద నంబరూ ఒకటేనో కాదో అక్కడే, కౌంటర్ దగ్గరే చూసుకో. స్లైడ్లు కూడా అడుగు. పరీక్ష అయ్యాక బ్లాకు తప్పకుండా వెనక్కి తెచ్చుకో, ముందుముందు ఇంకో పరీక్ష అవసరమైతే మళ్ళీ మనిషికి సూది గుచ్చక్కర్లేదు. అది మైనం. తమ్ముడు కారులో వస్తే ఎండలో డాష్‌బోర్డు మీద పెట్టొద్దని చెప్పు.